ఎముక పొడా, రక్తపు జెల్లా, ఇంప్లాంటా? కదిలే పన్నుకి ఏది ఎంచుకోవాలి

మా పిన్ని వాట్సాప్‌లో ఒక కాగితం ఫొటో పంపింది. చిగుళ్ళ జబ్బుతో ఎముక కరిగి కదులుతున్న పళ్ళకి డాక్టరు రాసిచ్చిన ఎస్టిమేట్. అందులో మూడు వరసలున్నాయి. ఒకటి, ఫ్లాప్ సర్జరీ, అంటే చిగురు విప్పి శుభ్రం చేసి కుట్టడం. రెండు, ఫ్లాప్‌తో పాటు బోన్ గ్రాఫ్ట్ (ఎముక పొడి నింపడం), మెంబ్రేన్ (పలచటి పొర అడ్డం పెట్టడం). మూడు, పళ్ళు తీసేసి ఇంప్లాంట్లు, అంటే ఎముకలో దిగేసే లోహపు వేర్లు. వరస దిగేకొద్దీ ఎదురుగా ఉన్న అంకె లావెక్కుతోంది. కింద పిన్ని మెసేజ్: "ఏమే, పళ్ళ మీద పరిశోధన అని అన్నేళ్ళు చేశావుగా. వీటిలో ఏది మంచిదో చెప్పు. ఖరీదైందే మంచిదై ఉంటుందంటున్నాడు మీ బాబాయి."

నేను పళ్ళ డాక్టర్ని కాదు. క్లిప్పులు వేయడం కోసం తీసేసిన పళ్ళని ల్యాబ్‌కి తెచ్చుకుని, వాటి వేర్ల మీది కణాలు గీకి పెంచే పని కొన్నేళ్ళు చేశాను. ఆ పనిలో మొదటి రోజే నేర్పే నియమం ఒకటుంది. వేరు మధ్య భాగం మీదే గీకాలి. పైకి పోతే చిగురు కణాలు కలుస్తాయి, చివరికి పోతే పంటి లోపలి గుజ్జు కణాలు కలుస్తాయి. అరంగుళం పైచిలుకు వేరు మీద కొద్ది మిల్లీమీటర్ల తేడాలో స్వభావమే వేరైన కణాలుంటాయి. పిన్ని కాగితం చూడగానే నాకు గుర్తొచ్చింది ఆ నియమమే. ఆ మూడు వరసల్నీ పోల్చడానికి ఖరీదు పనికిరాదు, కంపెనీ పేరు పనికిరాదు. ఎముక కరిగి ఖాళీ అయిన చోటికి ముందుగా ఏ కణం చేరుతుందన్నదే చూడాలి.

నులక మంచం లాంటి ఏర్పాటు

పన్ను ఎముకలోకి మేకులా దిగబడి ఉంటుందని చాలామంది అనుకుంటారు. కాదు. వేరుకీ ఎముకకీ మధ్య సుమారు 0.2 మిల్లీమీటర్ల మందంలో ఒక నారపొర ఉంటుంది. దాని నారలు ఒక కొసన ఎముకలోకి, ఇంకో కొసన వేరు మీదుండే సిమెంటమ్ అనే పలచటి పూతలోకి నాటుకుని ఉంటాయి. నులక మంచంలో పట్టెలకి బిగిసిన నులక మన బరువు మోసినట్టు, ఈ నారపొర నమిలే బరువంతా మోస్తుంది. చిగుళ్ళ జబ్బు ముదిరిందంటే నులక తెగింది, పట్టెలూ పుచ్చాయి అని. అలాంటప్పుడు పట్టెలు ఒక్కటే బాగుచేస్తే మంచం మీద పడుకోగలమా? "బోన్ గ్రాఫ్ట్" అనే మాటతో వచ్చే చిక్కే ఇది. ఎక్స్‌రేలో ఎముక నిండినట్టు కనిపించినంత మాత్రాన పన్ను తిరిగి కట్టుబడినట్టు కాదు.

దీన్ని 1976లో మెల్చర్ అనే పరిశోధకుడు తేల్చి చెప్పాడు. శుభ్రం చేసిన వేరు మీదికి నాలుగు రకాల కణాలు పోటీ పడి వస్తాయి: చిగురు పైపొరవి, చిగురు లోపలి కండవి, ఎముకవి, నారపొరవి. వీటిలో ఏవి ముందు చేరితే ఆ చోటు వాటిది. నారపొర కణాలు చేరితేనే సిమెంటమ్, నార, ఎముక మూడూ తిరిగి వస్తాయి. ఎముక కణాలు నేరుగా వేరుని తాకితే పన్ను ఎముకకి అతుక్కుపోయి క్రమంగా అరిగిపోతుంది. చిగురు లోపలి కండ తాకినా వేరు కరగడం మొదలవుతుంది. ఇదంతా స్వీడన్‌లోని గోటెబోర్గ్‌లో నీమన్, కారింగ్, లిండే బృందం జంతువుల మీద ఒక్కొక్కటిగా పరీక్షించి చూసింది.

పోటీలో ఎప్పుడూ గెలిచేది చిగురు పైపొర. రోజుకు అర మిల్లీమీటరు దాకా పాకగలదు. మిగతావి నింపాదిగా వస్తాయి. మామూలు ఫ్లాప్ సర్జరీ తర్వాత జరిగేది ఇదే. చిగురు విప్పి గార అంతా గీకి కుట్టేస్తారు, పైపొర కణాలు వేరు పొడుగునా కిందికి జారి ఒక పలచటి అతుకు వేస్తాయి. చిగురు బిగుస్తుంది, రక్తం కారడం ఆగుతుంది. నార మాత్రం తిరిగి రాదు. అది పనికిమాలిన అతుకేమీ కాదు, శుభ్రంగా ఉంచుకుంటే ఏళ్ళ తరబడి నిలుస్తుంది. ఈ మాట రెండో వరస అమ్మేవాళ్ళు సాధారణంగా చెప్పరు.

1982లో అదే గోటెబోర్గ్ బృందం ఒక మనిషి కింది ముందుపన్ను దగ్గర చిగురుకీ వేరుకీ మధ్య వడపోత కాగితం లాంటి పలచటి పొర అడ్డం పెట్టింది. మూడు నెలల తర్వాత ఆ పన్నుని చుట్టూ ఉన్న ఎముకతో సహా తీసి సూక్ష్మదర్శినిలో చూస్తే కొత్త సిమెంటమ్, దానిలోకి నాటుకున్న కొత్త నారలు కనిపించాయి. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు ఆపుకుంటామే, అంతే ఉపాయం. దూకుడుగా ఎక్కేవాళ్ళని ఆపితే నెమ్మదస్తులకి చోటు దొరుకుతుంది. ఇవాళ ఎస్టిమేట్‌లో "మెంబ్రేన్" అని రాసేది ఆ తువ్వాలే.

మొదటి రోజు రాసిన ఎస్టిమేట్ పక్కన పెట్టండి

పిన్నికి నేనిచ్చిన మొదటి సలహా: ఏ వరసా వద్దు, ముందు డీప్ క్లీనింగ్ చేయించుకో. యూరప్ చిగుళ్ళ వైద్య నిపుణుల సమాఖ్య 2020లో ఇచ్చిన మార్గదర్శకాల వరస ఇలా ఉంటుంది. మొదట బ్రషింగ్, పొగాకు, షుగరు సంగతి చూడాలి. తర్వాత చిగురు కింద గార తీయాలి. కొన్ని వారాలు ఆగి చిగురు జేబుల (చిగురుకీ పంటికీ మధ్య పడ్డ సందుల) లోతు మళ్ళీ కొలవాలి. అప్పటికీ 6 మిల్లీమీటర్లు, అంతకుమించి లోతు మిగిలిన చోట్లే సర్జరీ మాట. వాపు తగ్గితే లోతూ తగ్గుతుంది. మొదటి రోజు 7 ఉన్నది మూడు నెలలకి 4 కావడం వింతేమీ కాదు. అంటే మొదటి రోజు సర్జరీ రాసిన పళ్ళలో కొన్నింటికి అసలు సర్జరీతో పనే ఉండకపోవచ్చు.

అందుకని అడగాల్సిన కాగితం ఎస్టిమేట్ కాదు, కొలతల చార్టు. ఒక్కో పన్నుకీ ఆరు చోట్ల లోతు రాసి ఉండాలి. అది లేకుండా బోన్ గ్రాఫ్ట్ రాశారంటే దేన్ని చూసి రాశారో అడగండి. నాకు తెలిసిన ఒకాయనకి ఒక క్లినిక్‌లో పళ్ళన్నీ ఒకే ఫొటోలో పడే ఓపీజీ ఎక్స్‌రే ఒక్కటే చూసి పై పళ్ళన్నిటికీ గ్రాఫ్ట్ అన్నారు. ఆయన ఎముక అన్ని పళ్ళ చుట్టూ సమానంగా దిగిపోయి ఉంది. అలాంటి చోట పొడి పోస్తే నిలిచే చోటే ఉండదు.

గూడా, ప్రహరీ గోడా?

ఇది నా దృష్టిలో పొడి పేరు కన్నా పదింతలు ముఖ్యమైన సంగతి. ఎముక రెండు తీర్లుగా పోతుంది. ఒకటి, పైన చెప్పినట్టు అడ్డంగా, మట్టం దిగినట్టు. రెండోది, పంటి పక్కన నిలువుగా గుంట పడినట్టు. తిరిగి కట్టగలిగేది ఈ గుంటనే. గుంటలోనూ ఎన్ని గోడలు మిగిలాయన్నది చూడాలి. మూడు వైపులా ఎముక గోడలుంటే అది పాతకాలపు ఇంటి గోడలో దీపం గూడు. అందులో ఏది పెట్టినా కదలకుండా నిలుస్తుంది, గడ్డకట్టిన రక్తం కూడా. మూడు పక్కల నుంచీ కణాలు నడిచి రావచ్చు. ఒకే గోడ ఉంటే ప్రహరీ గోడకి ఇసుక ఆనించినట్టే, నాలుగు రోజుల్లో జారిపోతుంది.

గుంట ఇరుకుగా, 3 మిల్లీమీటర్లకి మించిన లోతుతో ఉంటే ఫలితం బాగుంటుంది. వెడల్పుగా, పైపైన ఉంటే అంతంత మాత్రమే. దవడ పళ్ళకైతే ఇంకో మెలిక ఉంది. వేర్లు విడిపోయే చోట ఎముక పోతే దాన్ని మూడు తరగతులుగా లెక్కిస్తారు. రెండో తరగతి అంటే ఆ సందులోకి పరికరం కొంత దూరం పోయి ఆగుతుంది. అది కింది దవడ పన్నుకైతే ప్రయత్నించొచ్చు. మూడో తరగతి అంటే ఇటు నుంచి అటు పరికరం దూరిపోతుంది. అక్కడ ఏ పొడీ, ఏ పొరా నమ్మకంగా పనిచేయదు. ఆ పన్నుకి గ్రాఫ్ట్ రాస్తే రెండో అభిప్రాయం తీసుకోండి.

పొడి డబ్బాలో ఏముంది?

"పళ్ళూడగొట్టుకోడానికి ఏ రాయైతేనేం" అంటారు మనవాళ్ళు. పళ్ళు నిలబెట్టుకోడానికి మాత్రం ఏ పొడైనా ఒకటే అనలేం. పొడులు నాలుగు జాతులు.

మన ఎముకే మనకి పెట్టడం మొదటిది. గడ్డం దగ్గరనో, జ్ఞానదంతం వెనక నుంచో కొంచెం గీకి తీస్తారు. అందులో బతికున్న కణాలుంటాయి, శరీరం పరాయిదనుకోదు, ఖర్చు తక్కువ. ఇబ్బందల్లా రెండో చోట కూడా గాయం, దొరికేది కొంచెమే. ఒకటి రెండు చిన్న గుంటలకైతే నేను మొదట అడిగేది దీని గురించే. చాలా క్లినిక్‌లలో దీని మాట ఎత్తరు, డబ్బా విప్పడం తేలిక కాబట్టి.

రెండోది దాతల ఎముక. శుద్ధి చేసి, ఎండబెట్టి, గామా కిరణాలతో క్రిములు లేకుండా చేస్తారు. మన దేశంలో దీనికి ముంబయి టాటా మెమోరియల్ ఆస్పత్రి టిష్యూ బ్యాంకు 1988 నుంచీ పేరున్న చోటు. ఇందులో ఖనిజం తీసేసిన రకం ఒకటుంది. ఖనిజం తీసేస్తే లోపల దాగిన ప్రొటీన్లు బయటపడతాయి. అవి ఎముక కణాలని పుట్టిస్తాయని 1965లో అమెరికాలో మార్షల్ యూరిస్ట్ కనుక్కున్నాడు, ఎముక పరిశోధనలో అదొక మలుపు. మనుషుల పళ్ళ దగ్గర కొత్త సిమెంటమ్, నార, ఎముక మూడూ ఏర్పడినట్టు సూక్ష్మదర్శినిలో రుజువైన పదార్థాల్లో ఇదొకటి. 1989లో బవర్స్ బృందం చూపించింది. చిక్కేమిటంటే, దాత వయసుని బట్టీ శుద్ధి చేసిన తీరుని బట్టీ దాని బలం మారుతుంది.

మూడోది ఆవు జాతి పశువుల ఎముక నుంచి ప్రొటీన్లన్నీ తీసేసి ఖనిజం మాత్రమే మిగిల్చినది. ప్రపంచమంతా ఎక్కువ వాడే వాటిలో ఇదొకటి, పరిశోధన కూడా దండిగా ఉంది. ఏళ్ళు గడిచినా పూర్తిగా కరగదు, ఆకారం నిలబెడుతుంది. ఇక్కడ మన ఇళ్ళలో ఎవరూ అడగని, అడిగితే డాక్టర్లు కాస్త తటపటాయించే ప్రశ్న వస్తుంది: ఇది దేని నుంచి తీశారు? కొల్లాజెన్ మెంబ్రేన్లు కూడా పంది నుంచో ఆవు జాతి పశువుల నుంచో వచ్చేవే ఎక్కువ. కింద చెప్పబోయే ఎనామెల్ ప్రొటీన్ జెల్ పంది పిల్లల పంటి మొలకల నుంచి తీసినది. శాస్త్రంగా వీటిలో తప్పేమీ లేదు. కానీ ఒంట్లో ఏది పెట్టుకోవాలన్నది మీ ఇష్టం. సర్జరీ అయ్యాక డబ్బా మీద అట్ట చూసి బాధపడేకన్నా ముందే అడగడం మేలు. పిన్ని విషయంలో ఇదే అసలు తేల్చిన సంగతి అయింది.

నాలుగోది కృత్రిమం: హైడ్రాక్సీఅపటైట్, ట్రైకాల్షియం ఫాస్ఫేట్, బయోగ్లాస్. చివరిది 1969లో ఫ్లోరిడాలో లారీ హెంచ్ తయారుచేసిన గాజు, ఎముకతో నేరుగా బంధం వేసుకునే గాజు. ఈ కృత్రిమ పొడులు చవక, మత సందేహాలు లేవు, రోగాలు అంటుకునే భయం లేదు. అయితే సూక్ష్మదర్శిని పరీక్షల్లో ఎక్కువగా కనిపించింది, రేణువులు గుంటని నింపి కూర్చున్నాయి గానీ కొత్త నార పెద్దగా పుట్టలేదని. అంటే మంచి పూడిక, బలహీనమైన కట్టు.

ఒక కిటుకు చెప్తాను. ఎక్స్‌రేలో ఈ పొడులు పెట్టిన మర్నాడే తెల్లగా మెరుస్తాయి, అవే ఖనిజం కాబట్టి. "చూశారా, ఎముక వచ్చేసింది" అని నెలలోపు ఎక్స్‌రే చూపిస్తే అది మీ ఎముక కాదు, మీరు కొన్న పొడి. ఆరు నెలలు దాటాక, ఏడాదికి ఒకసారి, అదే కోణంలో తీసిన ఎక్స్‌రేతో పోల్చాలి. ఆరు నెలల లోపు ఆ చోట లోతు కొలవనివ్వకండి కూడా, కొత్త అతుకు చిరుగుతుంది.

పొర, జెల్, రక్తం

మెంబ్రేన్ తువ్వాలు సంగతి చెప్పాను. ఇదివరకు గుడ్డలాంటి పొర పెట్టి, నెలా నెలన్నర తర్వాత రెండోసారి కోసి తీసేవాళ్ళు. ఇప్పుడు కరిగిపోయే కొల్లాజెన్ పొరలొచ్చాయి. గూడు లాంటి మూడు గోడల గుంటకి చాలాసార్లు పొర అవసరమే పడదు. గోడలు తక్కువైన చోట పొడీ పొరా రెండూ కలిపితేనే పనిచేస్తాయి. పొర పైకి తేలి బయటపడితే క్రిములు పట్టి ఉన్నదీ పోతుంది, దాని అసలు భయం అది.

ఎనామెల్ ప్రొటీన్ జెల్ ఆలోచన ముచ్చటైనది. పన్ను మొలిచేటప్పుడు ఎనామెల్ ప్రొటీన్లు వేరు మీద పూత పడ్డాకే సిమెంటమ్ ఏర్పడుతుందని స్వీడన్ పరిశోధకులు, ముఖ్యంగా హమ్మార్‌స్ట్రోమ్, గమనించారు. ఆ ఘట్టాన్ని పెద్దవాళ్ళలో మళ్ళీ ఆడిద్దామని ఆ ప్రొటీన్‌ని జెల్‌గా చేశారు. పొర అడ్డం పెట్టి పరుగు ఆపడం కాకుండా, నారపొర కణాలని పిలిచి ముందుకు తేవడం దీని పద్ధతి. ఫలితం ఎంత? కొక్రేన్ సంస్థ పరిశోధనలన్నీ కూడి చూస్తే, ఉట్టి ఫ్లాప్ కన్నా జెల్ వేస్తే సగటున సుమారు 1.1 మిల్లీమీటర్లు ఎక్కువ అతుకు. పొర పెడితే 1.2 దాకా. అంటే దాదాపు సమానం. "ఇంతేనా?" అనుకోకండి. సగటు అంటే గూళ్ళూ ప్రహరీ గోడలూ అన్నీ కలిపిన లెక్క. కానీ ఖరీదు ఐదింతలు పెరిగితే ఫలితం ఐదింతలు పెరగదని మా బాబాయికి చెప్పడానికి ఈ రెండు అంకెలు చాలు.

ఇక పీఆర్‌ఎఫ్, అంటే రక్తపు జెల్. 2001లో ఫ్రాన్స్‌లో షుక్రూన్ మొదలుపెట్టాడు. మీ చేతి నుంచి రక్తం తీసి, గడ్డకట్టకుండా ఆపే మందేదీ కలపకుండా వెంటనే సెంట్రిఫ్యూజ్‌లో తిప్పుతారు. పది పన్నెండు నిమిషాలకి మధ్యలో పసుపుపచ్చ జెల్ తేలుతుంది. ఫైబ్రిన్ వలలో ప్లేట్‌లెట్లు, తెల్లకణాలు చిక్కుకుని ఉంటాయి, వాటి నుంచి పెరుగుదల ప్రొటీన్లు కొన్ని రోజుల పాటు మెల్లగా ఊరుతాయి. నిలువు గుంటల్లో ఉట్టి ఫ్లాప్ కన్నా ఇది మెరుగని చాలా పరిశోధనలు చూపాయి, మన దేశం నుంచి కూడా బోలెడు వచ్చాయి. చాలావాటిలో రోగుల సంఖ్య చిన్నది, అది గుర్తుంచుకోవాలి. కానీ పరాయి పదార్థం లేదు, కావలసింది ఒక యంత్రం, మీ రక్తం. చేతిలో డబ్బు తక్కువైతే, గుంట మూడు గోడలదైతే నా ఓటు దీనికే. మీ రక్తానికి పొడి కన్నా ఎక్కువ ధర వేస్తే మాత్రం ఎందుకో అడగండి.

ల్యాబుల్లో తయారైన పెరుగుదల ప్రొటీన్లు కూడా ఉన్నాయి. జపాన్‌లో ఎఫ్‌జీఎఫ్-2 అనేదాన్ని 2016లో చిగుళ్ళ జబ్బుకి అనుమతించారు. అమెరికాలో పీడీజీఎఫ్ కలిపిన పొడి 2005 నుంచీ ఉంది. బీఎంపీ-2ని అక్కడే 2007లో సైనస్ (పై పళ్ళ మీదుండే గాలి గది) కింద, పన్ను తీసిన గుంతలో ఎముక పెంచడానికి అనుమతించారు. అది పన్ను చుట్టూ వాడేది కాదు, ఎముక కణాలని మరీ తొందరపెడితే పన్ను అతుక్కుపోతుంది. మెల్చర్ లెక్క ఇక్కడా తప్పలేదు.

ఉంచుకోవడమా, తీయించుకోవడమా

ఇంప్లాంట్ కూడా గోటెబోర్గ్ వాళ్ళ చలవే. కుందేలు ఎముకలో పెట్టిన టైటానియం గొట్టం ఊడిరాకపోవడం బ్రోనెమార్క్ 1952లో గమనించాడు, 1965లో మొదటి మనిషికి పెట్టాడు. ఇంప్లాంట్ చుట్టూ నారపొర ఉండదు. ఎముక లోహానికి నేరుగా పట్టేస్తుంది. మంచం పోయి అరుగు వచ్చిందన్నమాట. గట్టిదే, కానీ రాయి నలిగినప్పుడు ఠక్కున ఆపే స్పర్శ ఆ నారపొరతోనే పోతుంది.

"కదిలే పన్ను ఎలాగూ ఊడేదే, తీసేయండి" అనే మాట వినే ముందు ఒక పరిశోధన సంగతి చెప్తాను. కోర్తెల్లీని బృందం, ఎముక వేరు కొస దాకా పోయిన పళ్ళున్న 50 మందిని తీసుకుంది. సగం మందికి ఆ పన్నుకే ఎముక, నార తిరిగి కట్టే సర్జరీ, మిగతా సగానికి పన్ను తీసి ఇంప్లాంట్ లేదా బ్రిడ్జి. పదేళ్ళ తర్వాత, కట్టిన పళ్ళలో 88 శాతం నోట్లోనే ఉన్నాయి. అది చేయి తిరిగిన నిపుణులు, క్రమం తప్పక వచ్చిన రోగులు ఉన్న పరిశోధన, మన వీధి చివర క్లినిక్‌లో అదే జరుగుతుందని చెప్పను. కానీ "ఆశ లేదు" అన్న మాట ఎంత తొందరపాటుదో తెలుస్తుంది. పైగా చిగుళ్ళ జబ్బుతో పళ్ళు పోయినవాళ్ళకి ఇంప్లాంట్ చుట్టూ కూడా అదే జబ్బు వచ్చే ప్రమాదం ఎక్కువ.

తీయక తప్పనివీ ఉన్నాయి: నిలువునా చీలిన వేర్లు, మూడు దిక్కులా ఊగుతూ నమిలినప్పుడల్లా నొప్పెట్టేవి. తీస్తే ఎముక వెడల్పు ఏడాదిలో సగం దాకా తగ్గుతుంది, అందులో ఎక్కువ భాగం మొదటి మూడు నెలల్లోనే. ఇంప్లాంట్ ఉద్దేశం ఉంటే తీసిన రోజే ఆ గుంతలో పొడి నింపించుకోవడం మంచి బేరం. ఇక్కడ నార గొడవ లేదు, మెల్లగా కరిగే ఆవు జాతి పొడి అయినా, కృత్రిమమైనా పనిచేస్తుంది. అదే పొడి పన్ను పక్కన ఒక తీరు, పన్ను లేని గుంతలో ఇంకో తీరు.

ఏ వరస ఎంచుకున్నా ముందు చెప్పాల్సినవి

పొగ తాగేవాళ్ళకి ఈ సర్జరీలు సరిగ్గా పట్టవు. చుట్ట, బీడీ, ఉత్తరాంధ్ర పల్లెల్లో ముసలమ్మలు నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ, అన్నీ ఒకటే. మానలేనంటే రెండో వరస డబ్బు ఆదా చేసుకోండి. షుగరు ఉన్నవాళ్ళు మూడు నెలల సగటు ఏడు దరిదాపుల్లోకి వచ్చేదాకా ఆగండి. ఎముకలు గుల్లబారాయని వారానికొక బిళ్ళో, ఏడాదికొక సెలైనో, ఆరు నెలలకొక ఇంజెక్షనో తీసుకునే అమ్మలు, అమ్మమ్మలు ఆ మాట పళ్ళ డాక్టరుకి తప్పక చెప్పాలి. ఆ మందులు ఎముకని తినే కణాలని ఆపుతాయి. ఎముక మానాలంటే పాతది తినే కణాలూ కావాలి. అవి పనిచేయకపోతే పన్ను తీసిన చోట దవడ ఎముక బయటపడి మానకుండా ఉండిపోవచ్చు, ఇది అరుదే గానీ వస్తే మొండిది. అలాగని మందు మీ అంతట మీరు ఆపేయకండి, ఇద్దరు డాక్టర్లనీ మాట్లాడుకోమనండి.

డాక్సీసైక్లిన్ 20 మిల్లీగ్రాముల బిళ్ళలు ఇంకా కొందరు రాస్తారు. టెట్రాసైక్లిన్ జాతి మందులు నారని తెంపే ఎంజైముల్ని అణచగలవని తెలిశాక, 1998లో అమెరికాలో వాటికి అనుమతి వచ్చింది. ఈ జాతిలో మొదటిదైన ఆరియోమైసిన్ లెడర్లే సంస్థలో బయటికొచ్చినప్పుడు అక్కడ పరిశోధనలకి అధిపతి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారే. అభిమానం వేరు, ఎంపిక వేరు: 2020 మార్గదర్శకాలు ఈ బిళ్ళలు వద్దనే సూచించాయి.

మూలకణాల బేరం

చివరి వరస ఎస్టిమేట్‌లో ఉండదు, ఫోన్‌లో ప్రకటనగా వస్తుంది: పాప పాలపన్ను దాచండి, రేపు ఏ జబ్బుకైనా పనికొస్తుంది. మనం పాలపన్ను ఊడితే పేడలో చుట్టి ఇంటి కప్పు మీదికి విసిరిన జాతి. అందులో నిజంగానే మూలకణాలు (స్టెమ్ సెల్స్) ఉన్నాయి. పంటి గుజ్జులో ఉన్నాయని 2000లో, పాలపళ్ళలో ఉన్నాయని 2003లో, నారపొరలో ఉన్నాయని 2004లో సోంగ్‌టావ్ షీ, ఆయన సహచరులు చూపించారు. వాటిని ల్యాబ్‌లో పెంచడం ఎంత తేలికో నా చేతులకి తెలుసు. పెంచిన కణాలు నోట్లో చెప్పిన పని చేయడమే కష్టం. చైనాలో 2016లో 30 మంది రోగులతో చేసిన ప్రయోగంలో పొడికి నారపొర మూలకణాలు కలిపారు. కలిపినవాళ్ళకీ కలపనివాళ్ళకీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ప్రమాదం కూడా ఏమీ రాలేదు, అది మేలే.

మన వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు వ్యాపారంగా దాచడానికి ఒప్పుకున్నది బొడ్డుతాడు రక్తాన్ని మాత్రమే, పళ్ళని కాదు. కాబట్టి ఈ వరసలో పోలికే లేదు: ఇప్పటికి డబ్బు పెట్టొద్దు. క్యోటోలో 2024లో మొదలైన, పళ్ళు మొలిపించే మందు ప్రయోగం వార్త కూడా నాకు పది మంది పంపారు. అది ప్రధానంగా పుట్టుకతోనే పళ్ళు లేనివాళ్ళని దృష్టిలో పెట్టుకుని, ముందు మందు భద్రతని చూడడానికి పెట్టిన మొదటి దశ. పిన్ని పళ్ళ దాకా రావడానికి చాలా ఉంది.

పిన్ని సంగతి చెప్పి ఆపుతాను. డీప్ క్లీనింగ్ అయ్యాక మూడు నెలలకి కొలిస్తే సర్జరీ రాసిన ఆరు పళ్ళలో నాలుగు జాబితాలోంచి జారిపోయాయి. పైన వెనక పన్ను మూడో తరగతి, తీసేశారు, ఆ చోట ఏమీ పెట్టించుకోలేదు. మిగిలింది కుడివైపు కింది దవడ పన్ను ఒక్కటి, వెనక 7 మిల్లీమీటర్ల గూడు, మూడు గోడలూ చక్కగా ఉన్నాయి. ఆవు జాతి పొడి వద్దంది పిన్ని, పందిదీ వద్దంది. దాత ఎముక, పీఆర్‌ఎఫ్ కలిపి పెట్టారు. పొర పెట్టలేదు. ఏడాది తర్వాత ఎక్స్‌రే ఫొటో వచ్చింది, గూడు సగానికి పైగా పూడింది. కింద మెసేజ్: "ఇప్పుడు జంతికలు తినొచ్చా?"

ఎడమవైపు నమలమన్నాను.